స్కోరు ఒకటి, లెక్క పదిహేడు: కడుపునొప్పిగా వచ్చిన ఒక కట్లపాము కాటు కేసు

ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ప్రాంతంలో, నేను చాలా ఏళ్లుగా అంబులెన్సులో ఈఎంటీగా (అత్యవసర వైద్య సహాయకుడిగా) పనిచేస్తున్నాను. ఈ కేసును రాయడానికి రోగి, అతని భార్య అంగీకరించారు. ఊరి పేరు, ఆసుపత్రుల పేర్లు, తేదీ రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలుండే కొన్ని కుటుంబ వివరాలను మార్చాను. సమయాలను, కొలతలను మాత్రం ఆనాటి కేస్ షీటులో ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను, ఎందుకంటే ఈ కేసు నేర్పేదంతా ఆ నిమిషాల్లోనే ఉంది.

నేపథ్యం

వంశధార, మహేంద్రతనయ నదుల నడుమ ఉన్న ఈ పల్లెల్లో తెలుగు, ఒడియా, సవర మూడూ వినిపిస్తాయి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటువైపు వెళ్లింది గానీ, ఇళ్లలో మాట్లాడే భాష చాలాచోట్ల తెలుగుగానే ఉండిపోయింది. అందువల్ల మాకు వచ్చే కాల్‌లో ఒక ఇబ్బంది ఉంటుంది. కంట్రోల్ రూములో ప్రశ్నలు ఒడియాలో అడుగుతారు, ఇంటివాళ్లు తెలుగులో చెబుతారు, మధ్యలో ఎవరో పొరుగువారు అనువదిస్తారు. ఆ అనువాదంలో జబ్బు పేరు నిలుస్తుంది, దాని చుట్టూ ఉన్న సంగతులు రాలిపోతాయి.

మా బండిలో రోగి ప్రమాద స్థాయిని అంచనా వేయడానికి న్యూస్-2 అనే స్కోరు పట్టిక వాడుతున్నాం. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దీన్ని 2012లో తెచ్చి, 2017లో సవరించింది. శ్వాస వేగం, ఆక్సిజన్ శాతం, ఆక్సిజన్ పెట్టామా లేదా, పై రక్తపోటు, నాడి, స్పృహ, ఉష్ణోగ్రత అనే ఏడు అంశాలకు మార్కులు వేసి కూడతాం. మొత్తం 4 లేదా అంతకు తక్కువ వస్తే తక్కువ ప్రమాదం, 5 లేదా 6 వస్తే మధ్యస్థం, 7 లేదా ఆపైన వస్తే ఎక్కువ. ఏదైనా ఒక్క అంశంలోనే 3 వస్తే మొత్తం తక్కువగా ఉన్నా వెంటనే చూడాలి. ఇది మంచి పట్టిక. జ్వరంతో రక్తం విషపూరితమైన రోగిని, లోలోపల రక్తం కారుతున్న రోగిని ఇది నాకంటే ముందే పట్టించిన సందర్భాలు ఉన్నాయి. ఈ కేసులో ఇది తప్పు చెప్పలేదు. నేను దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను.

కాల్, మొదటి అంచనా

వర్షాకాలం, తెల్లవారుజామున 4 గంటల 40 నిమిషాలకు కాల్ వచ్చింది. ఇరవై ఆరేళ్ల యువకుడు, రైతు. కడుపునొప్పి, రెండు వాంతులు. కాల్ వివరాల్లో ‘పేట కాటుచి’ అని ఉంది. ఒడియాలో కడుపు నొప్పి పెడుతోందని దానికి అర్థం. అందులో తెలుగు చెవికి ‘కాటు’ అనే మాట వినిపించడం కేవలం యాదృచ్ఛికం. తర్వాత చాలా రోజులు ఆ మాట నన్ను వదల్లేదు.

తారురోడ్డు ఊరికి అరకిలోమీటరు ముందే ఆగిపోతుంది. స్ట్రెచర్ మోసుకుని ఇంటికి చేరేసరికి 5 గంటల 20 నిమిషాలు. మూడు గంటల ప్రాంతంలో నొప్పితో లేచాడని, వాము నమిలించి సోడా పట్టించామని, రాత్రి ఎండుచేపల కూర తిన్నాడని భార్య చెప్పింది. విరేచనాలు లేవు, జ్వరం లేదు. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉంది. ఇంత బాధపడుతున్న మనిషి పొట్ట అంత మెత్తగా ఉండటం ఒక్క క్షణం వింతగా అనిపించింది గానీ, ఆ వింతను నేను కాగితం మీద పెట్టలేదు.

5 గంటల 25 నిమిషాలకు తీసిన కొలతలు: శ్వాస నిమిషానికి 18, ఆక్సిజన్ 98 శాతం, నాడి 96, రక్తపోటు 128/82, ఉష్ణోగ్రత 36.9 డిగ్రీల సెల్సియస్, పూర్తి స్పృహ. నాడి 90 దాటినందుకు ఒక మార్కు. మొత్తం స్కోరు 1.

నా ఆలోచన ఇలా సాగింది. వయసు చిన్నది, కొలతలన్నీ బాగున్నాయి, తిన్నదేదో పడలేదు. గుండెజబ్బు వయసు కాదు. అపెండిక్స్ అయితే నొప్పి కుడివైపు దిగి ఉండాలి. ఇల్లు నిండా పొలం మందుల డబ్బాలు కనబడ్డాయి కాబట్టి పురుగుమందు సంగతి మాత్రం వదల్లేదు. భార్యాభర్తల మధ్య గొడవేమైనా జరిగిందా అని అడిగితే ఆమెకు కోపం వచ్చింది. నోటి దగ్గర వాసన లేదు, కంటిపాపలు సూదిమొనలా చిన్నవి కాలేదు, చెమట లేదు, నాడి మందగించలేదు. దాంతో ఆ అనుమానాన్ని పక్కన పెట్టాను. ఫోనులో డాక్టరుగారు చెప్పిన ప్రకారం సెలైన్ పెట్టి, వాంతులకు ఒండాన్‌సెట్రాన్, కడుపులో మంటకు పాంటోప్రజోల్ ఇంజెక్షన్లు ఇచ్చి, 5 గంటల 45 నిమిషాలకు దగ్గరి సీహెచ్‌సీ (సామాజిక ఆరోగ్య కేంద్రం) వైపు బయలుదేరాం. తొందరేమీ లేదని పైలట్‌కు, అంటే బండి డ్రైవరుకు, చెప్పాను. గోతుల్లో బండి కుదిపితే నొప్పి పెరుగుతుందని మెల్లగా నడపమన్నాను కూడా. వెల్లకిలా పడుకోబెట్టాను.

ఇక్కడ ఒక్క ప్రశ్న అడగలేదు: రాత్రి ఎక్కడ పడుకున్నాడు?

తప్పిన పది నిమిషాలు

5 గంటల 55 నిమిషాలకు మళ్లీ కొలతలు తీశాను. స్కోరు మళ్లీ 1. అప్పుడే అతను కళ్లు మసకగా ఉన్నాయన్నాడు. రాత్రంతా నిద్రలేదు, వాంతుల మందు పడింది, మగతగా ఉంటుందని నాకు నేనే సమాధానం చెప్పుకున్నాను. స్కోరు 1 అని రాసి ఉన్న కాగితం చేతిలో లేకపోతే బహుశా ఆ మాటను అంత తేలిగ్గా తీసుకునేవాడిని కాదు. తక్కువ స్కోరు రోగి గురించి ఒక సంగతి చెబుతుంది, దాంతోపాటు చూసేవాడి చెవులు కూడా మూస్తుంది.

6 గంటల 5 నిమిషాలకు దాహమంటే భార్య సీసా అందించింది. నేను వారించలేదు, అది నా రెండో తప్పు. తాగిన నీళ్లు గొంతు దిగకుండా ముక్కులోంచి బయటికి వచ్చాయి.

ఎంగిలి మింగే కండరాలు పనిచేయనప్పుడు తప్ప అలా జరగదు. కడుపు జబ్బు ఏదీ అలా చేయదు. వెంటనే లైటు వేసి ముఖం చూశాను. రెండు కనురెప్పలు సగానికి వాలి ఉన్నాయి. పైకి చూడమంటే కనుగుడ్లు కదలడం లేదు, నుదుటి కండరాలతో రెప్పలెత్తే ప్రయత్నం చేస్తున్నాడు. గొంతు ముక్కుతో మాట్లాడుతున్నట్టు మారింది. అప్పుడు అడిగాను ఎక్కడ పడుకున్నాడని. వెనక కూర్చున్న అత్తగారు చెప్పింది: “లోపల ఉక్కగా ఉందని అరుగు మీద సాప ఏసుకుని తొంగున్నాడు బాబూ.”

వాన కాలం, నేల మీద పడక, అర్ధరాత్రి దాటాక మెలకువ తెప్పించిన కడుపునొప్పి, తర్వాత రెప్పల వాలుడు. దీన్ని ఒడియాలో చితి సాపొ అంటారు, మనకు కట్లపాము. ఎలుకల కోసం ఇళ్లలోకి వస్తుంది, రాత్రిళ్లే తిరుగుతుంది. దాని కోరలు చిన్నవి. కాటు వేస్తే చాలాసార్లు నొప్పి, వాపు ఉండవు, గుర్తు కూడా కనబడదు, నిద్రలో ఉన్నవాడికి దోమ కుట్టినంత కూడా తెలియకపోవచ్చు. అందుకే ‘పాము కరిచింది’ అని ఎవరూ ఫోను చేయరు, కడుపునొప్పి అనో గొంతునొప్పి అనో చేస్తారు. కాళ్లూ చేతులూ టార్చితో వెతికాను. కాటు ఎక్కడా దొరకలేదు, తర్వాత ఆసుపత్రిలోనూ దొరకలేదు.

కొత్త కొలత

పామువిషం నరాలకు పట్టినప్పుడు చూడవలసింది రక్తపోటు కాదు, కండరబలం. బండిలో ఏ పరికరం లేకుండా చేయగలిగినవి రెండు పరీక్షలు. ఒకటి, గుండెల నిండా గాలి పీల్చి ఒక్క ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలడో చూడటం. రెండోది, దిండు మీంచి తల ఎత్తి ఎంతసేపు నిలపగలడో చూడటం. ఆరోగ్యవంతుడైన యువకుడు ఒక్క ఊపిరిలో ముప్పై దాటి సునాయాసంగా లెక్కపెడతాడు.

6 గంటల 7 నిమిషాలకు అతను 17 వరకే లెక్కపెట్టాడు. తల ఐదు సెకన్లు నిలిచింది. 6 గంటల 17 నిమిషాలకు 11. తల ఎత్తలేకపోయాడు.

అదే 6 గంటల 17 నిమిషాలకు న్యూస్-2 ఎంత? శ్వాస 22, దానికి 2 మార్కులు. నాడి 104, దానికి 1. ఆక్సిజన్ 97 శాతం, రక్తపోటు మామూలు, స్పృహ పూర్తిగా ఉంది. మొత్తం 3. అంటే పది నిమిషాల్లో ఊపిరి బలంలో మూడో వంతు పోగొట్టుకున్న మనిషి ఇంకా ‘తక్కువ ప్రమాదం’ వరుసలోనే ఉన్నాడు. కారణం సులభమే. ఊపిరితిత్తులు బాగున్నాయి, గుండె బాగుంది, పాడవుతున్నది వాటిని కదిలించే కండరం. బలం తగ్గిన కొద్దీ శరీరం చిన్న ఊపిర్లను వేగంగా తీసి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు తెగిపోయిన తర్వాతే ఆక్సిజన్ శాతం పడుతుంది. పల్స్ ఆక్సీమీటర్ ఈ జబ్బులో చిట్టచివర మోగే గంట.

స్కోరు 7కి చేరినది 6 గంటల 28 నిమిషాలకు, సీహెచ్‌సీ గుమ్మంలో. అప్పటికి శ్వాస 26, నాడి 112, నేను ఆక్సిజన్ పెట్టాను కాబట్టి దానికి 2. ఆక్సిజన్ శాతం అప్పుడు కూడా 98! పెట్టిన ఆక్సిజనే ఆ అంకెను నిలబెట్టింది. లోపల బొగ్గుపులుసు వాయువు పేరుకుపోవడాన్ని అది చూపదు. ముక్కులోంచి నీళ్లు వచ్చిన క్షణం నుంచి లెక్కిస్తే, పట్టిక ఇరవై నిమిషాలకు పైగా వెనకబడి ఉంది.

ఎటు తీసుకెళ్లాలి

6 గంటల 10 నిమిషాల దగ్గర నా ముందు మూడు దారులున్నాయి. దగ్గరి సీహెచ్‌సీకి ఇంకా ఇరవై నిమిషాలు. అక్కడ పాము విషానికి విరుగుడు మందు ఉంది, రాత్రి డ్యూటీ డాక్టరు ఉంటారు, వెంటిలేటర్ లేదు. జిల్లా కేంద్ర ఆసుపత్రికి ఘాట్ రోడ్డు మీదుగా గంటకు పైన. అక్కడ వెంటిలేటర్ ఉంది. సరిహద్దు దాటి ఆంధ్రవైపు ఉన్న ఆసుపత్రికి నలభై నిమిషాలు. అయితే బండి రాష్ట్రం దాటాలంటే కంట్రోల్ రూము అనుమతి కావాలి, అవతల పడక ఖాళీ ఉందో లేదో నాకు చెప్పేవారు లేరు.

బంధువులు సరిహద్దు దాటించమన్నారు. అక్కడ భాష కలుస్తుంది, చుట్టాలున్నారు. ఆ కోరికను తప్పుపట్టలేను. కానీ నా లెక్క వేరుగా ఉంది. ఊపిరి లెక్క అప్పటికే 17కి పడిపోవడం చూస్తే నలభై నిమిషాలు అతను సొంతంగా ఊపిరి తీయడం అనుమానమే. కదిలే బండిలో గొంతులో గొట్టం వేయడం నాకు చేతకాదు, నాకు అనుమతీ లేదు. అంబు బ్యాగు అనే, చేత్తో నొక్కే గాలిసంచీతో మాస్కు పట్టి ఊపిరి కొట్టగలను, అయితే మింగలేని మనిషి నోట్లో ఊరే ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇక విరుగుడు మందు సంగతి. అది రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్నే బంధిస్తుంది. కట్లపాము విషం నరాల కొసలను దెబ్బతీశాక, ఆ దెబ్బను మందు మాన్పలేదు, నరం తానే కోలుకోవాలి, దానికి రోజులు పడుతుంది. కాబట్టి మందు ఎంత ముందు పడితే అంత మేలు, కానీ మందు పడినంత మాత్రాన ఊపిరి నిలబడదు. నాకు కావలసింది వెంటిలేటర్ ఉన్న భవనం కాదు, గొట్టం వేయగల మనిషి, పది వయల్స్ మందు. ఆ రెండూ దగ్గర్లో దొరికేది సీహెచ్‌సీలో.

సీహెచ్‌సీ ఫోను మూడుసార్లు మోగి ఆగిపోయింది. నాలుగోసారి చేయకుండా, ఆ ఊరి ఆశా కార్యకర్తకు చేశాను. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా క్వార్టర్లకు పరిగెత్తి డాక్టరుగారిని లేపింది. ఈ కేసులో ఎవరి వల్ల ఎక్కువ నిమిషాలు మిగిలాయని అడిగితే నేను ఆమె పేరే చెబుతాను.

ఈలోగా బండిలో చేసినవి: ఎడమపక్కకు తిప్పి పడుకోబెట్టాను, సక్షన్‌తో ఉమ్మి లాగుతూ ఉన్నాను, నోటితో ఏదీ ఇవ్వనివ్వలేదు, ఆక్సిజన్ పెట్టి అంబు బ్యాగు చేతికందేలా ఉంచాను. కాటు ఎక్కడో తెలియదు కాబట్టి ఏ అవయవాన్నీ కట్టలేదు. తెలిసినా బిగించి కట్టేవాడిని కాదు, విరిగిన ఎముకకు కట్టినట్టు కదలకుండా బద్దకట్టు మాత్రమే కట్టాలి.

ఆసుపత్రిలో పనిచేసినది, చేయనిది

డాక్టరుగారు ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష పెట్టారు. మామూలుగానే గడ్డకట్టింది, అది రక్తపింజరి కాదనడానికి తోడ్పడింది. అట్రోపిన్‌తో కలిపి నియోస్టిగ్మిన్ ఇచ్చి రెప్పలు లేస్తాయేమో చూశారు, లేవలేదు. తాచుపాము విషంలో ఈ మందు చక్కగా పనిచేయగలదు. కట్లపాము విషం నరం కొసనే పాడుచేస్తుంది కాబట్టి చాలాసార్లు పనిచేయదు. మందు పనిచేయకపోవడం చూసి నేను నిరాశపడ్డాను, డాక్టరుగారు మాత్రం పామేదో తేలిందన్నారు.

6 గంటల 40 నిమిషాలకు పది వయల్స్ విరుగుడు సెలైనులో కలిపి గంటలో పోయేలా మొదలుపెట్టారు. ఈ మందు గుర్రాల రక్తం నుంచి తయారవుతుంది, అలర్జీ రావచ్చు కనుక అడ్రినలిన్ సిరంజిలో నింపి పక్కన ఉంచారు. రాలేదు. 6 గంటల 55 నిమిషాలకు గొట్టం వేశారు. అప్పటికి ఊపిరి లెక్క అడిగే స్థితి లేదు.

మందు పూర్తయ్యాక 7 గంటల 45 నిమిషాలకు జిల్లా ఆసుపత్రికి బయలుదేరాం. నర్సు, నేను వంతులవారీగా అంబు బ్యాగు నొక్కుతూ డెబ్బై నిమిషాలు ప్రయాణించాం.

బయలుదేరే ముందు ఒక గొడవ జరిగింది. రోగి కదలడు, కనుపాపలు పెద్దవైపోయి వెలుగుకు స్పందించవు, రెప్పలు మూతబడ్డాయి. బంధువుల్లో ఒకాయన, ప్రాణం పోయాక ఊరికే తిప్పుతున్నారు, ఇంటికి తీసుకుపోదామన్నారు. ఇక్కడ నా స్కోరు పట్టిక రెండో రకంగా తప్పుదోవ పట్టించగలదు. పిలిస్తే కళ్లు తెరవనివాడికి స్పృహ లేదని 3 మార్కులు వేస్తాం. మొదట అతని ప్రమాదాన్ని తక్కువ చూపిన ఆ కాగితమే, ఇప్పుడు మెదడు దెబ్బతిన్నవాడిగా చూపేది. రెప్ప తెరవలేకపోవడం వేరు, వినలేకపోవడం వేరు. సీహెచ్‌సీ చేరేటప్పటికి అతని చూపుడువేలు ఇంకా కొద్దిగా కదులుతోంది. “తమ్ముడూ, వినబడితే వేలు కదుపు” అంటే కదిపాడు. ఆ వేలు సంగతి చెప్పాకే బంధువులు ఒప్పుకున్నారు.

జిల్లా ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉంచారు. ఐదో రోజు గొట్టం తీశారు, తొమ్మిదో రోజు నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు.

మార్చుకున్నవి

స్కోరు పట్టికను మానలేదు, మానవలసిన అవసరం లేదు. శరీరం ఇప్పుడు ఎలా ఉందో అది చెబుతుంది. రోడ్డు ముగిసేసరికి ఎలా ఉంటుందన్నది మా పని, దానికి పట్టికలో గడి లేదు. మా కేస్ షీటు వెనకవైపు చేత్తో రెండు గీతలు గీసి, జూన్ నుంచి అక్టోబరు వరకు అర్ధరాత్రికీ తెల్లవారుకూ మధ్య వచ్చే ప్రతి కడుపునొప్పి, గొంతునొప్పి, ‘ఒళ్లు తూలుతోంది’ అనే కేసుకూ రెండు సంగతులు రాస్తున్నాం: ఎక్కడ పడుకున్నారు, ఒక్క ఊపిరిలో లెక్క ఎంత. లెక్కను పది నిమిషాలకోసారి మళ్లీ అడుగుతాం. ఎవరి భాషలో వారిని లెక్కపెట్టమంటాం, ఎందుకంటే అలవాటు లేని భాషలో తడబడితే లెక్క తగ్గి మోసం చేస్తుంది.

మా బృందంలో ఒకరు దీన్ని ఒప్పుకోలేదు. ప్రతి కడుపునొప్పినీ కట్లపాము అనుకుంటే విరుగుడు మందు వృథా అవుతుందన్నారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. అయితే మేము మందు ఇవ్వాలనడం లేదు. విషం లక్షణం కనబడకుండా మందు ఇవ్వకూడదని మార్గదర్శకాలే చెబుతాయి. అడుగుతున్నది ఒక ప్రశ్న, నిమిషం పట్టని ఒక పరీక్ష. ఎక్కువసార్లు అది మామూలు కడుపునొప్పే అవుతుంది, ఆ రోగి ముప్పై దాటి లెక్కపెట్టి మా వైపు వింతగా చూస్తాడు.

సీహెచ్‌సీల ఫోను నంబర్లతో పాటు, ఒక్కో సీహెచ్‌సీ దగ్గర నివసించే ఇద్దరి సొంత నంబర్లు బండిలో అతికించాం. సరిహద్దు అవతల పడక ఉందో లేదో ముందే తెలుసుకునే దారి మాత్రం ఇప్పటికీ లేదు.

డిశ్చార్జి అయిన నెల తర్వాత అతన్ని చూడటానికి వెళ్లాను. బండిలో, ఆసుపత్రిలో జరిగినవన్నీ విన్నానన్నాడు, ఇంటికి తీసుకుపోదామన్న బంధువు మాటతో సహా. “నువ్వు లెక్కపెట్టమని ఆపేశావు గానీ అన్నా, నేను ఆపలేదు. నువ్వు సంచీ నొక్కినప్పుడల్లా ఒకటి లెక్కపెట్టుకున్నాను. ఘాట్ ఎక్కేటప్పుడు మరీ గబగబా నొక్కేశావు, అక్కడ లెక్క తప్పింది” అన్నాడు. అది నిజమే అయి ఉండాలి. చెయ్యి అలిసినప్పుడు, భయం వేసినప్పుడు బ్యాగు నొక్కే వేగం పెరుగుతుంది. అలా ఎక్కువసార్లు ఊపిరి కొట్టడం రోగికి మంచిది కాదు. ఇప్పుడు గోడగడియారం ఒకటి స్ట్రెచర్ తలవైపు బిగించాం. అంబు బ్యాగు నొక్కేవాళ్లు ఐదారు సెకన్లకు ఒకటి చొప్పున, రోగికి వినబడేలా పైకి లెక్కపెడతారు.